పంటు కింద ఇసుక

“పిల్లలు పడకుండా కమ్మీలకి డబ్బులంటున్నారు, పడితే దెబ్బ తగలకుండా ఇసుకకి డబ్బులంటున్నారు. ఇంతకీ పడతారా, పడరా? ఏదో ఒకటి తేల్చండి.”

హరిచందనని ఇలా అడిగినాయన పేరు జగన్నాథరావు. మొగల్తూరుకి కొంచెం ఈవల, కాలవ వారనే, రొయ్యల చెరువులున్న పెద్ద రైతు. చిన్నప్పుడు ఐదో తరగతి దాకా చదువుకున్న మిషన్ స్కూలుకి ఆటస్థలం కట్టించి ఇస్తానని నలుగురిలో అనేశాడు. అనేశాక, ఎంతవుతుందో కనుక్కున్నాడు. హరిచందన రాజమండ్రిలో ఉంటుంది. పిల్లల ఆటస్థలాలు గీసి, దగ్గరుండి కట్టించడం ఆమె బతుకుతెరువు. ఆ రోజు ఆయన చెరువు గట్టు మీద మోటారు షెడ్డులో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎస్టిమేటు చదివి వినిపిస్తోంది.

“మీ షెడ్డులో కరెంటు మీటరూ ఉంది, జనరేటరూ ఉంది,” అందామె. “కరెంటు ఉంటుందా, పోతుందా? మీరు తేల్చారేంటండి?”

ఆయన నవ్వలేదు. కరెంటు పోయి, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువంతా రొయ్య తేలిపోతుందని తెలిసిన మనిషికి అది జోకు కాదు. అడ్వాన్సు చెక్కు రాశాడు. రాస్తూ రాస్తూ, చివరి మూడో వంతు మాత్రం పనయ్యాక, ‘ఇక్కడ పిల్లల్ని వదలొచ్చు’ అని ఆమె సంతకం పెట్టి ఇచ్చాకే ఇస్తానన్నాడు. నమ్మకం లేక కాదట, పద్ధతి కోసమట. పద్ధతి అనే మాట నమ్మకం లేనివాళ్లే వాడతారని హరిచందన అభిప్రాయం. ఆమె కూడా ఆ మాట తరచు వాడుతుంది.

పిల్లలు దేవుడితో సమానం అంటారు. సమానమో కాదో గానీ, ఇద్దరికీ ఇచ్చే స్థలాల్లో తేడా ఉంది. దేవుడికి ఈశాన్యం మూల. పిల్లలకి సెప్టిక్ ట్యాంకు మీద మూతేసిన చోటు, లేదంటే ట్రాన్స్‌ఫార్మరు పక్కన మిగిలిపోయిన ముక్క. హరిచందనకి ఇది విని తెలిసింది కాదు, చేసి తెలిసింది. అంబాజీపేట దగ్గర ఓ ఊళ్లో సహకార బ్యాంకు గుమాస్తా కూతురు. విశాఖపట్నంలో ఆర్కిటెక్చరు చదివి, హైదరాబాదులో ఓ బిల్డరు దగ్గర అపార్టుమెంట్లు గీసింది. అన్నీ గీయగా మిగిలిన మూలలో ‘చిల్డ్రన్స్ ప్లే ఏరియా’ అని రాసి, కేటలాగులోంచి ఓ జారుడుబల్ల తెచ్చి అంటించడం కూడా ఆమె పనే. ఓ రోజు అలాంటి జారుడుబల్ల కమ్మీల మధ్యలో నాలుగేళ్ల పిల్లాడు కాళ్లు దూర్చాడు, నడుం దూర్చాడు, తల దగ్గర ఆగిపోయాడు. కాళ్లు నేలకి అందక వేలాడుతుంటే ఎవరో ఎత్తి పట్టుకున్నారు, వెల్డరు వచ్చి కమ్మీ కోశాడు. పిల్లాడికి ఏమీ కాలేదు. బిల్డరు ఆ సాయంత్రమే ‘పూర్తి బాధ్యత తల్లిదండ్రులదే’ అని బోర్డు రాయించమన్నాడు. అక్షరాలు ఏ సైజులో ఉండాలని హరిచందనని అడిగారు. ఆమె సైజు చెప్పలేదు, రాజీనామా ఇచ్చింది.

అప్పట్నుంచి ఆమె సంచిలో రెండు చెక్కముక్కలుంటాయి. చిన్నది పిల్లాడి నడుమంత, పెద్దది తలంత. ఏ సందు చూసినా ముందు చిన్నది దూర్చి చూస్తుంది. అది దూరకపోతే సరే. దూరిందా, పెద్దది కూడా దూరి తీరాలి. నడుం పట్టి తల పట్టని సందు కనిపిస్తే, ఆ వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా కోయించేస్తుంది. మనుషులతో కూడా ఆమె తీరు దాదాపు ఇదే: ముందు అనుమానిస్తుంది, ఆ తర్వాత కొలుస్తుంది. లోకం ముందు నమ్మి తర్వాత ఏడుస్తుంది కాబట్టి తన తీరే మేలంటుంది. మొగల్తూరు దారిలో ఆమెకి ఎదురైన చిక్కు అనుమానంతో వచ్చింది కాదు. కొలవడం ఆలస్యమై వచ్చింది.

స్కూలంటే పెంకుల కప్పు కింద ఐదు గదులు, ముందు ఖాళీ స్థలం, పక్కన చర్చి. వెనక ప్రహరీ గోడకి ఓ చోట ఇటుకలు రాలి దారి పడింది. ఆవల సమాధుల తోట. ఆ దారి మూయించాలని హరిచందన మొదటి రోజే అంది. హెడ్‌మిస్ట్రెస్ ప్రసన్నకుమారి వద్దంది, ఆదివారం బడి పిల్లలు అటునుంచే వస్తారని. ప్రసన్నకుమారికి యాభై దాటాయి. ఆ స్కూల్లోనే చదివి, ఆ స్కూల్లోనే టీచరై, ఇప్పుడు ఆ స్కూలు ఖాళీ అవడం చూస్తోంది. రోజూ పొద్దున్న కాన్వెంటు పసుపు బస్సు వంతెన దగ్గర ఆగుతుంది, ఆమె దగ్గర చదవాల్సిన పిల్లల్ని ఎక్కించుకుని పోతుంది. ఇంకాస్త తగ్గితే ఈ స్కూలుని పక్కూరి స్కూల్లో కలిపేస్తారని అంటున్నారు. ఆమెకి ఆటస్థలం అంటే జూన్‌లో అడ్మిషన్లు. వేసవి సెలవులకి ముందే తల్లిదండ్రుల కంట పడాలి. అందుకని ఈస్టరు మర్నాడు సోమవారం ప్రారంభోత్సవమని ముందే అందరికీ చెప్పేసింది.

ఏదైనా గీసే ముందు హరిచందన పిల్లల్ని చూస్తుంది. ఏం కావాలని వాళ్లని అడగదు. అడిగితే టీవీలో చూసింది చెబుతారు. ఓ మూల కూర్చుని, ఏమీ లేనప్పుడు వాళ్లు ఏం ఆడుతున్నారో చూస్తుంది. అలా గోడవారన రెండో రోజు కూర్చుని ఉండగా, ఎవరో ఫోనులో ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ‘పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా, జాగ్రత్త’ అని కింద రాశారు. గంటలో ఇద్దరు ఆటోవాళ్లు, నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరారు. మీదే ఊరు, ఎవరి తాలూకు, సంచిలో ఏముంది అన్నారు. సంచిలో రెండు చెక్కముక్కలు, టేపు, లోతు కొలిచే మూరెడు ఇనప ఊచ ఉన్నాయి. ఊచ చూశాక గొంతులు పెరిగాయి. అప్పుడు స్కూలు వాచ్‌మన్ చిట్టియ్య గేటు వదిలి పరుగున వచ్చాడు.

“ఆవిడ మన ఇంజనీరుగారండి. నాకు తెల్సు. నాదీ పూచీ.”

నిజానికి అతనికి తెలిసిందల్లా, ముందురోజు ఆమె తనని మంచినీళ్లడిగిందని. అంతమాత్రానికే పూచీ పడ్డాడు. జనం చెదిరిపోయారు. ఫోటో మాత్రం గ్రూపులో అలాగే ఉంది.

రెండు రోజులు చూసి హరిచందన కనుక్కున్నది ఇది. పిల్లలు పంటు ఆడుతున్నారు. నరసాపురం రేవులో మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ ఆటోల్నీ ఎక్కించుకుని వశిష్ఠ గోదావరి దాటించే బల్లకట్టు పడవ, దాన్నే ఇక్కడ పంటు అంటారు. విరిగిన బెంచీ పంటు. పుస్తకాల సంచులు ఆటోలు. ఒకడు టిక్కెట్లు కోస్తాడు, ఒకడు తాడు లాగుతాడు, మిగతావాళ్లంతా ఒక్కసారే ఎక్కాలని తోసుకుంటారు. ఆట అయ్యాక గేటు ముందున్న పిల్లకాలవ, బోదెలో చెప్పులు పడవల్లా వదిలి, మట్టితో అడ్డుకట్ట వేసి, నీళ్లు నాకంటే నాకని కొట్టుకుంటారు. నాన్నలు చేలో చేసేదే ఇక్కడా చేస్తున్నారు.

ఆమె అదే గీసింది. నేలకి ఐదడుగుల ఎత్తున చెక్క పంటు. ఎక్కడానికి ఒకవైపు వాలుబల్ల, ఒకవైపు లావుపాటి తాళ్ల వల, దిగడానికి జారుడుబల్ల, తోసుకున్నా పడిపోకుండా చుట్టూ కమ్మీలు. పక్కనే బుల్లి లాకులు: చేతిపంపు కొడితే నీళ్లు సిమెంటు బోదెలోకి వస్తాయి, చెక్క తలుపులు ఎత్తితే ఓ పాయలోకి, దించితే ఇంకో పాయలోకి పోతాయి. తలుపు ఎవరు ఎత్తాలో పిల్లలే తేల్చుకోవాలి. అది పెద్దవాళ్లకి ఇప్పటికీ తేలలేదు కాబట్టి వాళ్లు సలహా ఇవ్వడానికి రారని ఆమె ధీమా.

అనుమానాలు మాత్రం మానలేదు. పిల్లలకి ఏనుగు బొమ్మో మిక్కీ మౌసో పెట్టకుండా పంటేంటన్నారు. రోజూ చూసేదానికి ఈవిడకి ఫీజెందుకన్నారు. అన్నిటికంటే పెద్ద అనుమానం పంటు కిందా చుట్టూరా తవ్వించిన గొయ్యి మీద. ఈ డెల్టాలో స్థలం కొన్నవాడెవడైనా ముందు చేసే పని మెరక చేయించడం. పక్కవాడి నేల కంటే జానెడు ఎత్తు లేకపోతే నిద్ర పట్టదు. అలాంటిచోట డబ్బులిచ్చి పల్లం చేయిస్తారా అని ప్రసన్నకుమారే అడిగింది. హరిచందన విప్పి చెప్పింది: ఈ బంకమట్టి ఎండితే సిమెంటుతో సమానం, ఐదడుగుల నుంచి పడితే చెయ్యి విరుగుతుంది. అందుకని గోతిలో అడుగున ఇటుక ముక్కలు, నీళ్లు కాలవలోకి పోవడానికి గొట్టం, పైన అడుగు లోతు ఏటి ఇసుక. పంటు స్తంభాల మీద చుట్టూ ఎర్ర గీత గీయించింది. ఇసుక ఎప్పుడూ ఆ గీతని ముంచి ఉండాలి. గీత బయటపడితే పంటు ఎవరూ ఎక్కకూడదు. ఆమె పెట్టబోయే సంతకం అంతా ఆ గీత మీదే ఆధారపడింది.

ఈ ప్రాంతంలో దొరికే ఇసుక సముద్రపుది. బూడిద రంగులో సన్నగా ఉప్పగా ఉంటుంది. తడిస్తే పిడచ కడుతుంది, దేనికీ పనికిరాదు. ఏటి ఇసుక పైనుంచి లారీల్లో రావాలి. ఇసుక లారీ ఎక్కడాగినా మా జిల్లాల్లో జనం దాని నంబరు చూస్తారు. స్కూలు గేటు ముందు రెండు లారీలు ఆగిన రోజు, ఆటస్థలం ఓ సాకని, ఆ ఇసుక వర్షాకాలంలో రేటు పెరిగాక అమ్మేస్తారని ఊళ్లో అనుకున్నారు. జగన్నాథరావు చెవిన కూడా పడింది. ఆయన ఖండించలేదు. ఎందుకైనా మంచిదని ఓ మనిషిని పంపి, పోసిన ఇసుక ఫోటోలు తీయించి ఉంచుకున్నాడు.

ఇసుక పసుపుపచ్చగా, కడిగిన బియ్యంలా ఉంది. పోయించిన రోజు ఎర్ర గీత రెండంగుళాల లోతున మునిగింది.

వారం తర్వాత వచ్చి చూస్తే గీత అంచు కనబడుతోంది. పంటు ఇంకా తెరవలేదు, పిల్లల్ని ఎక్కనివ్వలేదు. పిల్లలు కాళ్లతో తన్నితే ఇసుక చెదురుతుంది గానీ ఎక్కడికీ పోదు, పక్కకి పోగవుతుంది. ఇక్కడ పోగుల్లేవు. ఊచ దించి చూసింది. అన్నిచోట్లా సమంగా తగ్గింది. పైగా ఇసుక మీద చీపురు చారలున్నాయి, ఎవరో తీసుకున్నాక శుభ్రంగా చదును చేసి వెళ్లినట్టు.

దొంగ చీపురు తెచ్చుకుంటాడా? తాళంచెవులున్న దొంగయితే తెచ్చుకుంటాడు. హరిచందన బుర్ర అటే పోయింది. గేటు తాళాలు చిట్టియ్య దగ్గర. పొద్దున్నే ఆవరణ ఊడ్చేదీ చిట్టియ్యే. అతను ఇంటి ముందు స్నానాలగది కట్టుకుంటున్నాడని, వాకిట్లో ఇసుక గుట్ట ఉందని అప్పటికే ఎవరో ఆమె చెవిన వేశారు. పిలిచి అడిగింది, ఇసుక ఎవరు పట్టుకెళ్తున్నారని.

“నేను చూడలేదండి,” అన్నాడు చిట్టియ్య, పంటు వైపు చూస్తూ.

చూడ్డానికి జీతం తీసుకునేవాడు చూడలేదంటే ఏమనుకోవాలి? హరిచందన వెళ్లి ప్రసన్నకుమారితో చెప్పింది. ప్రసన్నకుమారి ఓ నిమిషం కూడా ఆలోచించకుండా, వాణ్ణి కొన్నాళ్లు పక్కన పెడదామండి, ప్రారంభోత్సవం అయ్యాక చూద్దాం అంది. పదిహేనేళ్లుగా ఉన్న మనిషిని అంత తేలిగ్గా వదిలేస్తున్నారేంటని హరిచందన అప్పుడు అనుమానించి ఉండాల్సింది. తన మాటకి అంత విలువిచ్చారని సంతోషపడింది. అనుమానం ఎప్పుడూ ఎదుటివాడి మీదికే పోతుంది. మనకి అనుకూలంగా మాట్లాడేవాళ్ల జోలికి వెళ్లదు.

తాళాలు చేతులు మారాయి. ప్రసన్నకుమారి తన దగ్గరే ఉంచుకుంది. చిట్టియ్య సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదని, తప్పు చేసినవాడే అలా ఉంటాడని స్టాఫు రూములో అనుకున్నారు. అరిచి ఉంటే, తప్పు చేసినవాడే అరుస్తాడని అనుకునేవారు.

ఆ తర్వాత వారం హరిచందనకి సామర్లకోటలో ఇంకో పని పడింది. ఫోను చేస్తే అంతా బాగానే ఉందండి అంది ప్రసన్నకుమారి. ఈస్టరుకి ముందు శనివారం మధ్యాహ్నం, సోమవారం సంతకం పెట్టాలి కాబట్టి ఆఖరిసారి కొలుద్దామని వచ్చింది. ప్రసన్నకుమారి స్కూల్లో లేదు. షామియానా వాళ్లు గుంజలు పాతుతున్నారు. ఎర్ర గీత జానెడు ఎత్తున బయటపడి ఉంది. ఊచ దించితే నాలుగంగుళాల్లో అడుగుకి తగిలి ఆగిపోయింది. చుట్టూ చీపురు చారలు, ఈసారి ముగ్గేసినంత పొందిగ్గా.

చిట్టియ్య వెళ్లి రెండు వారాలైంది. తాళాలు అతని దగ్గర లేవు. ఇసుక మాత్రం అతను ఉన్నప్పటికంటే ఎక్కువ పోయింది.

 ఆమె చారల వెంట నడిచింది. అవి గేటు వైపు పోలేదు, వెనక గోడ వైపు పోయాయి. ఇటుకలు రాలిన దారి దగ్గర పసుపుపచ్చ ఇసుక రవ్వలు రాలి ఉన్నాయి. అవతలికి తొంగిచూసింది.

సమాధుల తోట కొత్తగా ఉంది. ఈస్టరు తెల్లవారుజామున అక్కడ ఆరాధన జరుగుతుంది; అందుకని ఆ ముందు వారాల్లో ప్రతి కుటుంబం తమ వాళ్ల సమాధి చుట్టూ గడ్డి పీకి, సున్నం వేసి, కొత్త ఇసుక పోస్తుంది. ఏటేటా పోసేది సముద్రపు ఇసుకే. ఉప్పుకి సున్నం పొరలు లేచిపోయినా సరే, ఒక సమాధికి లారీ ఇసుక ఎవరు తెప్పిస్తారు? ఈ ఏడు మాత్రం తెల్లటి సమాధుల చుట్టూ పసుపుపచ్చటి అంచు, ఒక్కటి కూడా తప్పకుండా. ఆవల వరసలో ప్రసన్నకుమారి మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో ఓ సమాధి చుట్టూ ఇసుక సర్దుతోంది. పక్కన ఖాళీ బకెట్టు, చీపురు.

“టీచరుగారూ, ఆ ఇసుక ఎక్కడిదండి?”

ప్రసన్నకుమారి తల ఎత్తింది. దాచాలన్న ఆలోచన కూడా ఆవిడ మొహంలో లేదు. “మన దగ్గరదేనండి. మా అమ్మకి. ఒక్క బకెట్టు.”

“ఒక్కో బకెట్టు ఎంతమంది తీసుకున్నారండి?”

ప్రసన్నకుమారి చుట్టూ చూసింది, క్లాసులో హాజరు తీసుకునే చూపు. ఒక్కో సమాధి మీదుగా పోయి చివరి వరసలో ఆగింది. ఆవిడకి అప్పుడు తెలిసినట్టుంది.

“నేను స్త్రీల సమాజంలో ఇద్దరితోనే అన్నానండి,” అంది నెమ్మదిగా. “మంచి ఇసుక ఉంది, చెరో బకెట్టు తీసుకోండని. తీశాక చదును చేయమని కూడా చెప్పాను.”

“చిట్టియ్యకి తెలుసా?”

“మొదటి బకెట్టు నాకు మోసుకొచ్చింది వాడే కదండి.”

“మరి వాణ్ణి ఎందుకు పంపించేశారండి?”

ఆవిడ బకెట్టు పక్కకి జరిపి జవాబు చెప్పింది. అది అబద్ధం కూడా కాదు. ప్రసన్నకుమారి నిజంగానే అలా అనుకుంది. తను తీసుకుంది ఒక బకెట్టు. ఒక్క బకెట్టుకి ఇసుక తగ్గదు. తగ్గిందంటే మిగతాది చిట్టియ్య అమ్ముకుని ఉంటాడు. తర్వాత తెలిసిందేమిటంటే, ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఇదే లెక్క. అందరూ తలో బకెట్టు తీసుకున్నారు, తీసుకుని చిట్టియ్యని అనుమానించారు. ఒక్కరి మనసులో కూడా దొంగతనం లేదు. భక్తి ఉన్నచోట దొంగతనం ఉండదని మనవాళ్ల నమ్మకం. అందుకే భక్తి పేరుతో పోయిన సొత్తు దొరకదు.

ఎవరి బకెట్టు వాళ్లు తెచ్చి పోసేస్తారండి, నేను చెబుతాను అంది ప్రసన్నకుమారి. హరిచందన వంగి ఓ గుప్పెడు తీసి చూసింది. సున్నం పెళ్లలు, గాజు పెంకు ముక్కలు. పిల్లలు పడి పొర్లే చోట ఇది పోయకూడదంది. సోమవారం సంతకం పెట్టనంది. ప్రసన్నకుమారి అప్పుడు ఏడ్చింది. తల్లిదండ్రులందర్నీ పిలిచేశానండి, పంటు తాళ్లు కట్టేసి ఉంటే రేపు జూన్‌లో ఎవరు చేరుస్తారు, స్కూలు పోతుందండి అంది. అది నిజమే. హరిచందనకి ఆ స్కూలు మీద జాలి కూడా ఉంది. కానీ బంకమట్టికి జాలి లేదు కదా.

ఈస్టరు రోజు సాయంత్రం ఆమె చిట్టియ్య ఇంటికి వెళ్లింది. స్నానాలగది గోడలు నడుం ఎత్తుకి లేచాయి. వాకిట్లో ఇసుక గుట్ట నిజమే. బూడిద రంగు, సన్నం, సముద్రపుది. చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంటే ఉప్పు. రెండు వారాల కిందట వచ్చి ఈ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది. చిట్టియ్య కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

“టీచరుగారు తీసుకున్నారని నాతో చెప్పొచ్చుగా?”

“చెప్తే నమ్ముతారాండి? దొంగ అనిపించుకున్నాను. అబద్ధాలకోరు కూడా ఎందుకని ఊరుకున్నాను.”

ఆమె పర్సు తీసింది. ఆగిపోయిన జీతం తాను ఇస్తానంది. చిట్టియ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“మీరెందుకండి? మీ దగ్గర నేను పన్చెయ్యలేదు. స్కూలోళ్లని ఇమ్మనండి. వాళ్లిస్తే, నేను మానలేదు వాళ్లే మాన్పించారని నలుగురికీ తెలుస్తాది.”

సోమవారం షామియానా కింద కుర్చీలు నిండాయి. పంటు చుట్టూ హరిచందన తాడు కట్టించింది. లాకుల వైపు మాత్రం వదిలింది. అక్కడ పడినా మోకాలి లోతు కూడా లేదు. పిల్లలు చేతిపంపు మీద పడ్డారు, తలుపులు ఎత్తారు, దించారు, పావుగంటలో నీళ్ల దగ్గర తగువు మొదలైంది. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి, దాత మొహం తప్ప. జగన్నాథరావు ఆమెని పక్కకి పిలిచాడు. ప్రసన్నకుమారి అప్పటికే అంతా చెప్పేసింది. ఆయనకి సమాధుల మీద అభ్యంతరం లేదు, చనిపోయినవాళ్ల విషయం అన్నాడు. ఇసుక తర్వాత వేయించుకోవచ్చు, ఇప్పుడు మాత్రం కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టనంది.

“ఇంకో లారీ తెప్పించి అందులో కూడా మిగుల్చుకుందామనా అండి?”

హరిచందన ఊచ ఆయన చేతికిచ్చింది. “మీరే దించి చూడండి.”

చెరువు లోతు గడతో చూసే అలవాటున్న మనిషి. పంచె ఎగ్గట్టి, పంటు వారన ఇసుకలోకి దిగి, ఊచ దించాడు. నాలుగంగుళాల్లో ఆగింది. ఇంకోచోట దించాడు. అక్కడా ఆగింది. మూడోచోట బలంగా దించితే, పల్చబడ్డ ఇటుక ముక్కల కింద మట్టి తగిలి చెయ్యి అదిరింది. తల పైకెత్తి పంటు ఎత్తు చూశాడు. ఐదడుగుల మీద ఆయన చెల్లెలి మనవరాలు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది, తాడు కిందనుంచి దూరి ఎప్పుడు ఎక్కిందో.

“దింపండి దాన్ని,” అన్నాడు, పక్కన ఎవరున్నారో చూడకుండానే.

లారీ బుధవారం వచ్చింది. కమీషను అనుమానం మాత్రం ఆయన వదులుకోలేదు. ఇసుక డబ్బులు హరిచందన చేతికివ్వకుండా స్టాకు యార్డుకే కట్టాడు, రసీదు తన పేరుతో రాయించుకున్నాడు. ఆమె కూడా ఆయన్ని నమ్మలేదు. లారీ దిగుతున్నంతసేపూ ఊచ పట్టుకుని పక్కనే నిలబడింది. ఎర్ర గీత మునిగాక, గోడకి ఇటుకలు పేర్పించి దారి మూయించాక, సంతకం పెట్టింది. ఆయన ఆఖరి చెక్కు ఇచ్చాడు. అది చెల్లింది కూడా.

పంటు ఇప్పుడు నడుస్తోంది. జూన్‌లో కొత్త పిల్లలు చేరారు, బస్సు దిగి వచ్చినవాళ్లు కూడా కొందరున్నారు. టిక్కెట్టు లేకుండా ఎవరినీ పంటు ఎక్కనివ్వరు. టిక్కెట్టు అంటే వేపాకు. పడేవాళ్లు రోజూ పడుతున్నారు, లేచి ఇసుక దులుపుకుని మళ్లీ తోసుకుంటున్నారు. ప్రసన్నకుమారి ఆదివారం ప్రార్థనలో దాత కోసం, ఇంజనీరు కోసం, ఇసుక కోసం కూడా స్తుతి చెప్పింది. చిట్టియ్యని మళ్లీ పిలిచారు. గేటు తాళాలు అతని దగ్గరే ఉన్నాయి, పొద్దున్నే ఎర్ర గీత చూసే పని కూడా అతనికే ఇచ్చారు. జీతం సంగతి హరిచందన ఫోను చేసినప్పుడల్లా అడుగుతుంది. స్కూలు వాళ్లు కమిటీ తీర్మానం చేయాలంటారు. కమిటీ వాళ్లు, ఆ రోజుల్లో అతను పనికి రాలేదు కదా అంటారు.

చిట్టియ్యకి ఆ పదిహేను రోజుల జీతం, మూడు వేల ఐదు వందలు, ఇంకా ఇవ్వలేదు.